టర్నర్ గారిని మంత్రిని చేయకండి
అట్లాంటా చుట్టుపక్కల తెలుగు బడులు, తెలుగు సంఘాలు నడిపే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఫిబ్రవరి అమెరికాలో నల్లజాతి చరిత్ర మాసం. మీలో కొందరు ఆ నెలలో పిల్లలచేత పోస్టర్లు వేయిస్తారు, వీలైతే జార్జియా రాష్ట్ర శాసనసభ భవనం చూపించడానికి తీసుకెళ్తారు. పోస్టరు మామూలుగా ఎడమవైపు లింకన్‌తో మొదలై కుడివైపు మార్టిన్ లూథర్ కింగ్‌తో ముగుస్తుంది. మధ్యలో బాణం గుర్తు ఒకటి. ఆ బాణం పొడవు దాదాపు నూరేళ్లు. ఆ నూరేళ్లలో ఏం జరిగిందని పిల్ల అడిగితే "అప్పట్లో వాళ్లకి హక్కులుండేవి కావమ్మా" అని సర్దేస్తాం. అది తప్పు. హక్కులు వచ్చాయి, ఓట్లు వేశారు, గెలిచారు, సభలో కూర్చున్నారు. తర్వాత ఆ హక్కుల్ని ఒక్కొక్కటిగా, పద్ధతి ప్రకారం, కాగితాల మీద రాసుకుని మరీ లాక్కున్నారు. ఎలా లాక్కున్నారో చెప్పడానికి అట్లాంటాలో ఉన్నవాళ్లకి వేరే ఊరు అక్కర్లేదు. హెన్రీ మెక్‌నీల్ టర్నర్ అనే ఒక్క మనిషి కథ చాలు.

ముందు ఆయన ఉద్యోగం సరిచేద్దాం. ఇంగ్లిషు పుస్తకాల్లో ఆయన్ని మినిస్టర్ అంటారు. ఆ వాక్యాన్ని అనువాద యంత్రంలో వేస్తే "మంత్రి టర్నర్" అయి కూర్చుంటాడు. ఆయన ఏ ప్రభుత్వంలోనూ మంత్రి కాదు, చర్చి పాస్టరు. మెథడిస్టు సంప్రదాయంలో నల్లవారే కట్టుకున్న ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి ఆయనది. 1816లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్ నాయకత్వంలో ఏర్పడిన చర్చి అది. టర్నర్ పాస్టరుగా, సైన్యంలో చాప్లెయిన్‌గా (సైనికులకి ప్రార్థనలు జరిపే పాస్టరు), శాసనసభ్యుడిగా, కొద్ది రోజులు పోస్ట్‌మాస్టరుగా, చివరికి బిషప్‌గా పనిచేశారు. పిల్లల చార్టులో ఈ వరస రాయించండి.

పుట్టింది 1834 ఫిబ్రవరి 1న, దక్షిణ కరోలినాలోని న్యూబెరీ దగ్గర, బానిసలు కాని నల్ల కుటుంబంలో. నల్లవారికి చదువు చెప్పడం నేరమంటూ ఆ రాష్ట్రం చట్టాన్ని మరింత బిగించింది కూడా ఆ 1834లోనే. ఆయన చదువు దొంగచాటుగానే సాగింది. 1853లో, పందొమ్మిదేళ్ల వయసులో, తెల్లవారి మెథడిస్టు చర్చి నుంచి ప్రసంగించే లైసెన్సు వచ్చింది. 1858లో నల్లవారి చర్చికి మారి, బాల్టిమోర్‌లో లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నారు. 1862లో వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్ బెతెల్ చర్చికి పాస్టరయ్యారు. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం నడుస్తున్న రోజులవి. అక్కడ నల్ల యువకుల్ని ఉత్తరాది సైన్యంలో చేరమని పోగుచేశారు. 1863లో ఆ దళానికే చాప్లెయిన్‌గా నియామకం వచ్చింది. అమెరికా సైన్యంలో తొలి నల్ల చాప్లెయిన్లలో ఆయన ఒకరు.

ఇక్కడ పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న: పాస్టరుకి రాజకీయాలెందుకు? దీనికి కాస్త నిదానంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే పునర్నిర్మాణ కాలపు, అంటే అంతర్యుద్ధం తర్వాత ఓడిన దక్షిణ రాష్ట్రాల్ని తిరిగి దేశంలో కలుపుకున్న కాలపు, గుట్టు ఇక్కడే ఉంది. 1865లో యుద్ధం ముగిసేసరికి జార్జియా పల్లెల్లో నల్లవారి చేతిలో పొలం లేదు. కౌలుకో, పంటలో వాటాకో పాత యజమాని దగ్గరే పని. ఫలానా వాడికి ఓటేస్తే గుడిసె ఖాళీ చెయ్యమంటాడు, దుకాణంలో అరువు కట్టేస్తాడు. పాస్టరు జీతం మాత్రం సంఘం చందాలోంచి వస్తుంది, ఏ భూస్వామీ ఆయన్ని పనిలోంచి తీసేయలేడు. చదవడం వచ్చినవాడూ తరచుగా ఆయనే, కాబట్టి ఆదివారం ప్రార్థన అయ్యాక పత్రిక పైకి చదివి వినిపించేదీ ఆయనే. ఓటర్లుగా పేరు ఎక్కడ, ఎప్పుడు రాయించుకోవాలో చెప్పడానికి వేరే సభ పెట్టక్కర్లేదు, జనం అప్పటికే కూర్చుని ఉంటారు. టర్నర్ యుద్ధం తర్వాత జార్జియాకి వచ్చి ఊరూరా తిరుగుతూ ఒకే నోటితో చర్చిలు పెట్టారు, లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీనీ కట్టారు. 1867లో, ఓడిన దక్షిణాదిని పాలిస్తున్న కేంద్ర సైన్యం పర్యవేక్షణలో ఓటర్ల జాబితా తయారైనప్పుడు జార్జియాలో నల్ల ఓటర్లు, తెల్ల ఓటర్లు దాదాపు సమానంగా తేలారు. గాలివాటున వచ్చిన లెక్క కాదది. రాత్రిళ్లు తగలబెట్టడానికి బయల్దేరినవాళ్లు చర్చిల్నే ఎందుకు వెతికారో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది.

1867 డిసెంబరులో అట్లాంటాలో రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం రాయడానికి సభ కూడింది. ప్రతినిధుల్లో 37 మంది నల్లవారు, వారిలో టర్నర్ ఒకరు. ఈ సభలో ఆయన తీరు చూస్తే ఇప్పటి పాఠకుడికి చిరాకు వస్తుంది. తెల్లవారితో సర్దుకుపోదామనే పట్టుదలతో, దేశం నుంచి విడిపోయి యుద్ధంలో ఓడిపోయిన దక్షిణ రాష్ట్రాల కూటమి, అంటే కాన్ఫెడరేట్, అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కి క్షమాభిక్ష పెట్టమని కూడా అడిగారు. పిల్లల నాటికలో ఈ ముక్క తీసేయకండి. ఇది తీసేస్తే తర్వాత ఆయనకొచ్చిన కోపం ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థం కాదు.

ఆ రాజ్యాంగంలో ఒక కన్నం మిగిలింది. నల్లవారికి ఓటుహక్కు ఉందని స్పష్టంగా రాశారు. పదవులు చేపట్టే హక్కు ఉందని మాత్రం స్పష్టంగా రాయలేదు. ఓటున్నవాడు పోటీ చేయొచ్చని వేరే రాయాలా అనుకున్నారు నల్ల ప్రతినిధులు. కానీ 1868 వసంతంలో రాజ్యాంగం మీద ఓటింగు జరుగుతున్నప్పుడు, యుద్ధకాలంలో గవర్నరుగా ఉండి తర్వాత రిపబ్లికన్ల వైపు వచ్చిన జోసెఫ్ బ్రౌన్, తెల్ల ఓటర్లకి ఆ కన్నాన్నే చూపించాడు. దీని ప్రకారం వాళ్లు పదవుల్లోకి రాలేరు, భయపడకుండా ఓటేయండన్నాడు. ఈ బ్రౌన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

ఏప్రిల్ ఎన్నికల్లో రిపబ్లికన్ రూఫస్ బుల్లక్ గవర్నరయ్యాడు. టర్నర్ మేకన్ పట్టణం ఉన్న బిబ్ కౌంటీ నుంచి దిగువ సభకి గెలిచారు. ఆ దఫా గెలిచిన నల్ల సభ్యుల్ని చరిత్రలో "తొలి 33 మంది" అంటారు. జులైలో సభ కూడి నల్లవారిని పౌరులుగా గుర్తించే పద్నాలుగో రాజ్యాంగ సవరణని ఆమోదించగానే రాష్ట్రాన్ని మళ్లీ యూనియన్‌లోకి, అంటే దేశంలోకి, తీసుకున్నారు, సైనిక పాలన తొలగింది. ఈ వరస ముఖ్యం. సైన్యం ఉన్నన్నాళ్లూ ఎవరూ నోరెత్తలేదు. అది పక్కకి తప్పుకున్న కొన్ని వారాలకే, ఈ నల్ల సభ్యులకి ఇక్కడ కూర్చునే అర్హత ఉందా అన్న తీర్మానం బల్లమీదికి వచ్చింది.

1868 సెప్టెంబరు 3. దిగువ సభలో అనుకూలంగా 83, వ్యతిరేకంగా 23. కొంతమంది తెల్ల రిపబ్లికన్లు కూడా వెలివేసేవాళ్లతో చేతులు కలపకపోతే ఈ లెక్క కుదరదు. అందుకే దీన్ని పార్టీల తగాదాగా చెబితే సగమే చెప్పినట్టు. ఒంటి రంగు తెల్లగా ఉన్న నలుగురిని మాత్రం ఉండనిచ్చారు. వాళ్లలో నల్ల రక్తం ఎనిమిదో వంతుకి తక్కువో ఎక్కువో తేల్చలేకపోయారు. మనిషి రక్తాన్ని భిన్నాల్లో కొలిచే ఈ ఘట్టం దగ్గర పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, తర్వాత ఆగుతారు. పది రోజులు తిరక్కుండానే ఎగువ సభ అయిన రాష్ట్ర సెనేట్ కూడా తన నల్ల సభ్యుల్ని పంపించేసింది. ఖాళీ అయిన కుర్చీల కోసం మళ్లీ ఎన్నికలేమీ పెట్టలేదు. ఆ స్థానాల్లో ఓడిపోయి రెండో స్థానంలో నిలిచినవాళ్లని పిలిచి కూర్చోబెట్టారు. ఓటు వేసినవాళ్ల మాటకి విలువ ఎంతో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు.

ఆ రోజు టర్నర్ చేసిన ప్రసంగం పూర్తిగా దొరుకుతుంది. దాంట్లోంచి పిల్లలచేత చదివించడానికి పనికొచ్చే ముక్కని మన మాటల్లో పెడితే ఇలా ఉంటుంది: "ఏ పార్టీ ముందూ నేను వంగను, నా హక్కులకోసం దిగజారి ఎవర్నీ బతిమాలను. హక్కులిమ్మని నిలదీయడానికి వచ్చాను. నా మనిషితనపు గడప దాటడానికి తెగించేవాళ్ల మీద పిడుగులు విసరడానికి వచ్చాను." ఇంగ్లిషు మూలంలో ఉన్న "మ్యాన్‌హుడ్" అనే మాటని "మగతనం" అని తెలుగు చేసినవి చూస్తుంటాం. వద్దు. ప్రసంగమంతా తిరిగే ప్రశ్న, నేను మనిషినా కాదా, మనిషినైతే మనిషి హక్కులు నాకున్నాయా లేవా అన్నదే. అక్కడ మీసం మెలేసే సందర్భం లేదు. సభ చేసిన పనికి "బహిష్కరణ" అనే మాట సరిపోతుంది, కానీ బామ్మలకీ తాతయ్యలకీ చెప్పేటప్పుడు "వెలి" అనండి. ఏం జరిగిందో వెంటనే పట్టుకుంటారు.

తర్వాతి రెండు నెలలు సభ బయట ఎలా గడిచాయో రెండు లెక్కలు చాలు. సెప్టెంబరు 19న, వెలిపడ్డ సభ్యుల్లో ఒకరైన ఫిలిప్ జాయినర్ ముందు నడవగా, కొన్ని వందలమంది ఆల్బనీ నుంచి కమిల్లా ఊళ్లో ఎన్నికల సభకి 25 మైళ్ల దారిన బయల్దేరారు. ఎక్కువమంది నల్లవారు. కమిల్లా కోర్టు దగ్గర కాల్పులు మొదలయ్యాయి. కనీసం తొమ్మిదిమంది చనిపోయారు. పారిపోయినవాళ్లని అడవుల్లో, చిత్తడి నేలల్లో రోజుల తరబడి వేటాడారు. ఇక రెండో లెక్క అగస్టా పక్కనే ఉన్న కొలంబియా కౌంటీది. ఏప్రిల్‌లో అక్కడ రిపబ్లికన్ గవర్నరు అభ్యర్థికి 1,222 ఓట్లు పడ్డాయి. నవంబరులో అదే పార్టీ అధ్యక్ష అభ్యర్థి గ్రాంట్‌కి పడినది ఒక్క ఓటు. పోస్టరు మీద ఈ రెండు అంకెలు పక్కపక్కన పెద్దగా రాయించండి, కింద వ్యాసం అక్కర్లేదు.

పోస్ట్‌మాస్టరు ఉద్యోగం సంగతి రెండు ముక్కల్లో: 1869లో గ్రాంట్ ప్రభుత్వం మేకన్‌లో ఇచ్చింది, ఊళ్లో తెల్లవారి గొడవలతో వారాల్లోనే పోయింది.

అదే ఏడాది వేసవిలో జార్జియా సుప్రీంకోర్టు ముందుకి వేరే మనిషి కేసు వచ్చింది. రిచర్డ్ వైట్ అనే ఆయన సవానా ఉన్న చాటమ్ కౌంటీలో కోర్టు క్లర్కుగా గెలిస్తే, ఆయన నల్లవాడని ఓడినవాడు కేసు వేశాడు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు, నల్లవారికి పదవి చేపట్టే హక్కు ఉందని తీర్పిచ్చారు. పౌరుడని ఒప్పుకున్నాక, పౌరుడికి పదవి హక్కుందని రాష్ట్ర చట్ట సంపుటిలోనే ఉంది కదా అన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు ప్రధాన న్యాయమూర్తి జోసెఫ్ బ్రౌన్. అవును, ఆ బ్రౌనే. అయినా శాసనసభ చలించలేదు. చివరికి 1869 డిసెంబరులో వాషింగ్టన్‌లో కాంగ్రెస్ చట్టం చేసి, జనరల్ ఆల్ఫ్రెడ్ టెర్రీ కింద మళ్లీ సైన్యాన్ని పెట్టాక, 1870 జనవరిలో టర్నర్, ఆయన తోటివారు తిరిగి కుర్చీల్లోకి వచ్చారు. ఆ సభే ఫిబ్రవరిలో, రంగు కారణంగా ఓటుహక్కు కాదనకూడదనే పదిహేనో సవరణని ఆమోదించింది. డిసెంబరులో మళ్లీ ఎన్నికలు వచ్చాయి, డెమొక్రాట్లు సభని చేజిక్కించుకున్నారు, టర్నర్ ఓడిపోయారు. ఇంత పోరాటానికీ మిగిలిన కాలం ఒక ఏడాది కూడా కాదు.

తోటివారి గతి కూడా చెప్పకుండా వదలకండి. గ్రీన్ కౌంటీ సభ్యుడు ఏబ్రమ్ కోల్బీని 1869 అక్టోబరు 29 రాత్రి నల్లవారి మీద దాడులు చేసే రహస్య ముఠా కు క్లక్స్ క్లాన్ ముసుగు మనుషులు ఇంట్లోంచి ఈడ్చుకెళ్లి గంటల తరబడి కొట్టారు. ఆయనే కాంగ్రెస్ విచారణ సంఘం ముందు కూర్చుని ఆ సంగతంతా చెప్పాడు. డేరియన్ ప్రాంతపు రాష్ట్ర సెనేటరు ట్యూనిస్ కాంప్‌బెల్ కూడా పాస్టరే. అరవై దాటిన వయసులో శిక్షపడి, కూలికి అద్దెకిచ్చే ఖైదీల్లో ఒకడిగా తోటలో పనిచేశాడు.

ఓటు పోవడం మాత్రం 1870తో పూర్తవలేదు, అది నత్తనడకన జరిగింది. 1877 నాటి రాష్ట్ర రాజ్యాంగం ఓటుపన్నుని పేరబెట్టింది. పన్ను ఏడాదికి ఒక్క డాలరే. ఓటు వెయ్యాలంటే ఆ ఏటి డాలరు కడితే చాలదు, ఎన్నేళ్లు ఎగ్గొడితే అన్ని డాలర్లూ కట్టాలి. పదేళ్ల బకాయి ఉన్న కౌలుదారుకి అది ఇంటిల్లిపాది కడుపుమీద కొట్టే మొత్తం. చట్టంలో రంగు మాట ఎక్కడా ఉండదు. పేద తెల్లవారి ఓట్లు కూడా దీనికి బలయ్యాయి. తర్వాత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలు తెల్లవారికి మాత్రమే ప్రవేశంతో వచ్చాయి. 1908లో చదువు, ఆస్తి షరతులతో మరో సవరణ చేసి తలుపు గడియపెట్టారు. చివరి నల్ల సభ్యుడు డబ్ల్యూ. హెచ్. రోజర్స్ 1907లోనే సభ వదిలాడు. మళ్లీ ఒక నల్ల మనిషి ఆ శాసనసభకి ఎన్నికైంది 1962లో, ఆయన లెరాయ్ జాన్సన్. 1966 జనవరిలో జూలియన్ బాండ్ గెలిచివస్తే, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే ప్రకటనని సమర్థించాడని దిగువ సభ కూర్చోనివ్వలేదు. దేశ సుప్రీంకోర్టు చెబితేగాని దారివ్వలేదు. 1868కీ 1966కీ మధ్య 98 ఏళ్లు.

ఇక మీరు పిల్లల్ని ఎక్కడ నిలబెట్టాలన్నది. శాసనసభ భవనం తెరిచి ఉండేది పనిదినాల్లో. ఏటా జనవరి రెండో సోమవారం నుంచి నలభై రోజుల సమావేశాలు నడుస్తాయి, కాబట్టి ఫిబ్రవరిలో వెళ్తే లోపల ఇసకేస్తే రాలనంత జనం ఉంటారు. కథ మొత్తం లోపల చెప్పాలని చూడకండి, ఎవరికీ వినబడదు. బంగారు గోపురం చూపించి "టర్నర్ ఇక్కడే మాట్లాడారు" అని మాత్రం అనకండి. ఈ భవనం 1889లో పూర్తయింది. 1868లో సభ కూడింది అంతకుముందు ఇదే స్థలంలో ఉన్న అట్లాంటా సిటీ హాలులో. నేల అదే, గోడలు వేరు. అలా చెబితే నిజం చెడదు, పిల్లలకి ఇంకా బాగా గుర్తుంటుంది.

ప్రాంగణంలో గుర్రం మీద కూర్చున్న విగ్రహం జాన్ గోర్డన్‌ది, 1907లో పెట్టారు. 1868లో బుల్లక్ మీద గవర్నరు పదవికి పోటీచేసి ఓడిన కాన్ఫెడరేట్ జనరల్ ఆయన. జార్జియా క్లాన్ పెద్ద ఆయనేనని చరిత్రకారులు చాలామంది నమ్ముతారు. అదే ప్రాంగణంలో, 1978లో శాసనసభలోని నల్ల సభ్యుల బృందం పెట్టించిన శిల్పం ఉంది. దాని పేరు "రంగు కారణంగా వెలి" అని అర్థమిచ్చేది. ముందు గుర్రం దగ్గర ఆగండి, తర్వాత ఆ శిల్పం దగ్గరికి నడవండి. తిరగేస్తే, వెలి సంగతి విని బరువెక్కిన పిల్లలు ఫొటోలకి గుర్రం దగ్గరికి పరుగెత్తుతారు, అంతటితో పాఠం అయిపోతుంది. రెండు విగ్రహాలకీ మధ్య 71 ఏళ్లని వాళ్లచేతే లెక్క కట్టించండి.

టర్నర్ 1880లో బిషప్ అయ్యారు. పెద్దపిల్లలుంటే ఈ తర్వాతి జీవితం చెప్పండి. హోటళ్లలో, రైళ్లలో వివక్షని నిషేధించిన 1875 చట్టాన్ని సుప్రీంకోర్టు 1883లో కొట్టేసినప్పుడు, దేశ రాజ్యాంగాన్ని మురికి గుడ్డపేలిక అన్నారు. ఒకప్పుడు జెఫర్సన్ డేవిస్‌కి క్షమాభిక్ష అడిగిన నోరే అది. 1885లో సేరా ఆన్ హ్యూస్ అనే మహిళకి డీకన్‌గా (చర్చిలో పాస్టరుకి కింది మెట్టు) అభిషేకం చేశారు, రెండేళ్లకి చర్చి సమావేశం దాన్ని చెల్లదంది. 1890ల్లో నాలుగుసార్లు ఆఫ్రికా వెళ్లారు, నల్లవారు అక్కడికి తరలిపోవడమే మేలని వాదించారు. చాలామంది నల్ల నాయకులే దాన్ని ఒప్పుకోలేదు. దేవుడు నల్లవాడని 1898లో రాసి ఇంటా బయటా తిట్లు తిన్నారు. 1915 మే 8న కెనడాలోని విండ్సర్‌లో చనిపోయారు.

ఒక మాట ఫోర్సైత్ కౌంటీలో ఉంటున్నవారికి ప్రత్యేకంగా. మన తెలుగు ఇళ్లు ఇప్పుడు అంత ఒత్తుగా ఉన్న ఆ కౌంటీ నుంచి 1912 శరదృతువులో వెయ్యిమందికి పైగా నల్లవారిని, దాదాపు అక్కడున్న నల్లవారందరినీ, తుపాకులు, నిప్పు చూపించి తరిమేశారు. టర్నర్ అప్పటికి బతికే ఉన్నారు, వయసు 78. బడిలో ఈ విషయం ఎత్తకూడదని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ పిల్లలు పెద్ద తరగతుల్లో ఎలాగూ వింటారు. ముందే మీ దగ్గర, మన భాషలో విన్నారంటే ఇంటికొచ్చి అడుగుతారు. లేకపోతే అడగరు.

ఆఖరు మజిలీ జోన్స్‌బరో రోడ్డు మీదున్న సౌత్‌వ్యూ శ్మశానం. 1886లో నల్లవారే పెట్టుకున్నారు, ఊరి శ్మశానంలో వెనక గేటులోంచి శవాన్ని మోసుకెళ్లాల్సిన అవమానం పడలేక. టర్నర్ సమాధి అక్కడే ఉంది, కింగ్ తల్లిదండ్రులవి, పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్‌ది కూడా అక్కడే. ఇప్పటికీ అంత్యక్రియలు జరిగే చోటు కాబట్టి ముందే ఫోన్ చేసి సమయం అడగండి, ఇరవైమందికి మించి ఒకేసారి తీసుకెళ్లకండి. లూయిస్ పేరు పిల్లలకి తెలిసే ఉంటుంది, ముందు అటే పోతారు. పోనివ్వండి. ఆ తర్వాత టర్నర్ దగ్గరికి తీసుకొచ్చి, సభలో ఆయన అన్న ఆ గడప మాట ఒక పిల్లచేత పైకి చదివించండి. కాగితం పెద్ద అక్షరాల్లో అచ్చువేసుకుని వెళ్లండి, ఎండలో ఫోను తెర కనబడదు.

ఇట్లు,
జార్జియా పునర్నిర్మాణ చరిత్ర చదువుకునే కొందరం